గొప్పలు చెప్పుకున్న కెమెరా

జోంగ్హె పారిశ్రామికవాడలో అయిదో అంతస్తు. ఏడుగురు ఉద్యోగులు, ఒకే ఒక్క ఏసీ. దాని కింద కుర్చీ వేసుకున్న అదృష్టవంతురాలు యో స్యోచిన్. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పదహారేళ్లుగా కెమెరాల కడుపులోకి వెళ్లే ప్రోగ్రాములు రాస్తోంది. యజమాని లైని వాళ్ల భాషలో ‘యజమానీ’ అన్నట్టుగా అందరూ లావ్‌బాన్ అంటారు. మనిషి మంచివాడే, నోరే పెద్దది. మూరెడు చేప పట్టి బారెడని చెప్పుకునే రకం.

ఆ జబ్బు కెమెరాకూ అంటించాడు. కంప్యూటరుకు తగిలించగానే ఏ కెమెరా అయినా తన గురించి తాను చెప్పుకుంటుంది: బొమ్మలు పంపడానికి నాకింత దారి కావాలి అని. ఆర్కిడ్ మొక్కలను పరీక్షించే యంత్రానికి చేసిన కెమెరాలో స్యోచిన్ ఆ అంకె వేస్తుంటే లై వెనకే నిలబడ్డాడు.

“పెద్దది వెయ్యమ్మా. తక్కువేస్తే చులకనైపోతాం.”

“అంత అక్కర్లేదు లావ్‌బాన్.”

“ఎవరు చదవొచ్చారు దాన్ని?”

స్యోచిన్ మొహమాటానికి పోయి వేసేసింది.

చదివేది ఒకటుంది: డ్రైవరు. కెమెరా మాట కంప్యూటరుకు చేరవేసే ప్రోగ్రాము అది. పాపం, కెమెరా కోసిన కోతలన్నీ నమ్మి, దారి మొత్తం మొదటి కెమెరాకే ఇచ్చేసి, రెండోదానికి చోటు లేదంది. యంత్రానికేమో రెండూ కావాలి, ఆకు పైన చూడటానికొకటి, కింద చూడటానికొకటి.

యంత్రం బిగించిన హోబీ ఊరి ఆర్కిడ్ తోట నుంచి యజమానురాలు షెన్ పిన్ని రోజూ ఉదయమే ఫోన్ చేసేది.

“తెగులు మచ్చలన్నీ ఆకు కిందే ఉంటాయి అమ్మాయ్. మీ యంత్రం పైన చూసి బాగుంది బాగుంది అంటోంది. మా ఆయనా అంతే, నోట్లో పెట్టుకోకుండానే కూర బాగుందంటాడు.”

నవ్వుతూనే అనేది. కాని డెబ్బై ఏళ్ల మనిషి, నలభై వేల మొక్కల ముందు మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పట్టుకుని ఒక్కో ఆకూ తిరగేస్తోంది. అది తలుచుకుంటే స్యోచిన్‌కు అన్నం సహించేది కాదు.

నీరు తగలకుండా జిగురు పోసి మూసేసిన కెమెరాలను అంకె మార్చడానికి మళ్లీ విప్పలేరు. డ్రైవరును సొంతంగా సరిచేసి పంపితే, సిస్టమ్ అప్‌డేట్ కాగానే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోయింది. ఇక అందరి కంప్యూటర్లకూ వెళ్లే డ్రైవరు అసలు ప్రతిలోకే ఎక్కించాలి. చిరుతిళ్ల ఆకుపచ్చ ప్యాకెట్ పెడితే యంత్రాలు బుద్ధిగా ఉంటాయని అక్కడో నమ్మకం; లై ఆమె కంప్యూటరు మీద ఒకటి పెట్టించాడు.

దూరదేశంలో ఆ డ్రైవరును చూసుకునే ఆయనకు, ఈ కెమెరా చెప్పే అంకెను నమ్మకుండా అసలు అవసరాన్ని లెక్కకట్టుకునే మార్పును స్యోచిన్ పంపింది. కారణం దగ్గర, “కొన్ని సందర్భాల్లో స్వల్ప అసౌకర్యం కలగవచ్చు” అని రాసింది. అర్థం కాలేదన్నాడాయన. ఇంకాస్త మర్యాదగా, ఇంకాస్త అస్పష్టంగా రాసింది. ఈసారి ఆయన ఒక్క ముక్కే అడిగాడు: “మీ కెమెరా చేస్తున్న తప్పేమిటి?”

“రాయొద్దు!” అన్నాడు లై. “లోకమంతా చదువుతుంది. నా పరువేం కాను?”

“పరువు మీదే లావ్‌బాన్, అంకె వేసిన చెయ్యి నాది. నా పేరుతోనే రాస్తాను.”

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్లో షెన్ పిన్ని గొంతు.

“ఇవాళ మోకాళ్లు వాచి లేవలేకపోయాను అమ్మాయ్. రేపు మా ఆయన్ని కూర్చోబెడతాను. ఆయనకి మచ్చకీ ఈగకీ తేడా తెలీదు గానీ, ఏం చేస్తాం?”

లై కీబోర్డును ఆమె ముందుకు జరిపాడు. “రాసెయ్యి” అన్నాడు చివరికి.

“ఈ కెమెరా తన అవసరానికి మించి అడుగుతుంది. ఆ అంకె వేసింది నేనే” అని రాసింది స్యోచిన్. తొమ్మిది రోజులకు ఆయన ఆ మార్పుకు ఒప్పుకున్నాడు. ఇక లైకి పట్టపగ్గాల్లేవు.

“ప్రపంచంలో ఏ మూల చూడండి, డ్రైవర్లో మా కెమెరా పేరుంటుంది!” అని కనిపించినవాడికల్లా చెప్పాడు. ఎందుకుందో మాత్రం చెప్పలేదు.

నెలన్నర తరవాత అప్‌డేట్ హోబీ తోటకు చేరింది. ఆ ఉదయం ఫోనులో షెన్ పిన్ని అరుపుకు స్యోచిన్ అదిరిపడింది.

“అమ్మాయ్! రెండో బొమ్మ వచ్చింది! కుర్చీలో కూర్చునే చూస్తున్నా. మచ్చలు! అబ్బబ్బ, ఎన్ని మచ్చలో!”

తన మొక్కల్లో తెగులు చూసి అంత సంబరపడే మనిషిని స్యోచిన్ ఎన్నడూ చూడలేదు. “లెక్కపెట్టు పిన్నీ, లెక్కపెట్టు” అంది, కళ్లు తుడుచుకుంటూ.