మిరపకాయ తీసిన బజ్జీ

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. వాళ్లు ప్రభువులో నిద్రపోతున్నారని పన్నెండేళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు చెబుతున్నదాన్ని. ఈ సంగతి రాయడానికి అందుకే ఇన్నాళ్లు తటపటాయించాను.

మాది కడప పక్క పల్లె. మా ఆయన గొంతులో గడ్డ లేస్తే కర్నూలు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు ఇస్తామన్నారు. అది వచ్చేదాకా ముద్ద ముట్టనని మొక్కుకుని మూడు రోజులు నీళ్ల మీదే ఉన్నాను. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

మా సంఘంలో ఉపవాసాన్ని ఎవరూ తమంతట తాము విడవరు. పెద్దవాళ్లొకరు ప్రార్థన చేసి, "ఇంక చాలు, తిను" అనాలి. కర్నూల్లో నాకు ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు. ఊరికి పోయాకే తిందామనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలని పట్టుబట్టాడు. ఈ ఊరి రుచి మనకు రాదంటాడు. "మే, రిపోర్టు యాడికీ పోదు. బజ్జీలు చల్లారిపోతాయి, రా!" అని తుంగభద్ర గట్టు మీద బండి దగ్గరికి లాక్కెళ్లాడు. గొంతు నొప్పితో మింగలేని మనిషి హుషారు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఒక ప్లేటే చెప్పాం. బండి ఆమె రెండు ఇచ్చింది.

"నాకొద్దక్కా, ఉపవాసం."

"తెలుసులేమ్మా. ఇందాక ఒక పెద్దామె, మీరు వస్తా ఉంటే నిన్ను చూపించి చెప్పిపోయినాది. 'నా బిడ్డకు ఇంక చాలు, తినమను, మిరపకాయ తీసి ఇయ్యి, అది కారం తినలేదు' అనింది."

"ఎవరామె? యాడుంది?"

"తెల్ల చీర కట్టుకోనుండాది. ఈడనే నిలబడె. మీరొస్తానే పాయ."

గట్టు మీద అటూ ఇటూ చూశాను. అలాంటి మనిషి కనిపించలేదు.

ప్లేటులో బజ్జీ నిలువునా చీల్చి ఉంది. లోపల మిరపకాయ లేదు. నా చిన్నప్పుడు శుభ శుక్రవారం ఉపవాసం విడిచాక మా అమ్మ అలాగే చీల్చి, మిరపకాయ తను తిని, పిండి తొడుగు నాకు పెట్టేది. అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. మిరపకాయ తీసి పెట్టే సంగతి మా ఆయనకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

భయమేసింది. మొక్కు తప్పించడానికి ఏదో ఆత్మ వేసిన ఎర కాదు కదా? నేను తింటే ఆయనకేమవుతుందో? తినకుండా పొట్లం కట్టించుకున్నాను.

పదకొండుకు డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. మామూలు గడ్డే, తీసేస్తే సరిపోతుందంది. మా ఆయన గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాగితం చేతికిస్తే చూశాను. పైన రిపోర్టు తయారైన సమయం ఏడూ నలభై అని ఉంది. ఎనిమిదికి మేం బండి దగ్గరున్నాం. అంటే అప్పటికే నా మొక్కు తీరిపోయింది, నాకే తెలియలేదు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ప్రార్థన చేసుకుని ఆ చల్లారిన బజ్జీ తిన్నాను. అంత రుచైనది మళ్లీ తినలేదు.

మా పాస్టరు గారు దేవదూత అయ్యుంటుందన్నారు. కావచ్చు. కానీ దేవదూత "నా బిడ్డ" అంటుందా అని అడిగితే ప్రార్థన చేసుకుందాం రామ్మా అన్నారు. నాకైతే తెలియదు. పిల్లలకు పాత పాఠమే చెబుతున్నాను, దాన్నే నమ్ముతున్నాను. ఆ పొద్దున నాకు తినమని చెప్పిందెవరో మాత్రం ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.