మోచేతి సిస్టర్

మా వదిన లోకంలో దేన్నీ చేత్తో ముట్టుకోదు. తలుపు తోయాలన్నా, లిఫ్టు పిలవాలన్నా, లైటు వేయాలన్నా ఆవిడకు మోచెయ్యే దిక్కు. మా ఆయనకు అక్క, పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. అక్కడ అందరూ ఆవిణ్ణి మోచేతి సిస్టర్ అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

మా ఇంటి కాలింగ్ బెల్ బండగా, ఆగకుండా మోగిందంటే వదిన వచ్చినట్టే. ఓసారి తలుపు తీయగానే, "గడియ తుడిచి ఎన్నాళ్ళయింది?" అంది. గడియను కూడా తుడుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

"మనిషి చెయ్యి అడ్డం పెట్టుకుని తుమ్ముతాడు. ఆ చేత్తోనే తలుపు తీసుకుని తన దారిన తను పోతాడు. వాడి వైరస్ మాత్రం గడియ మీద కాపురం పెడుతుంది," అంది. ఆ రోజంతా మా ఆయన మంచినీళ్ళ గ్లాసును కూడా అనుమానంగానే చూశాడు.

ఆసుపత్రికి కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు పరిచయానికని చెయ్యి చాపితే, "ఇందాకటి నుంచి దీన్ని ఎక్కడెక్కడ పెట్టారు సార్?" అని అడిగిందట. ఆయన పాపం నిజాయితీగా చెప్పుకొచ్చాడు. మంచం కమ్మీ, ఫోను, లిఫ్టు మీట, మళ్ళీ ఫోను. చెప్పీ చెప్పీ తనే వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ఇవన్నీ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. మా పాప అదే ఆసుపత్రిలో చేరాక నవ్వు ఆగిపోయింది. దానికి రక్తంలో జబ్బు. ఇచ్చిన మందులు జబ్బుతో పాటు ఒంట్లోని రోగనిరోధక శక్తినీ ఊడ్చేశాయి. మనకు రెండు రోజులు ముక్కు కారి పోయే వైరస్ కూడా దాని ప్రాణాల మీదకు తెస్తుందన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయనకూ నాకూ జలుబు పట్టుకుంది. దాన్ని విడిగా ఉంచిన గది అద్దం ఇవతలి నుంచే వారం పాటు చూశాం. జలుబు తగ్గాక పరుగున వెళితే తలుపు దగ్గర వదిన.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను వదినా."

"కడుక్కుని, ఆ చేత్తోనే కుళాయి కట్టేశావు. పద."

మళ్ళీ కడుక్కొచ్చాను. హ్యాండ్‌బ్యాగు సర్దుకున్నానట. పద. ఆ తర్వాత కళ్ళు తుడుచుకున్నాను. అదీ తప్పే.

"ఏడవడానికి కూడా లేదా వదినా?"

"ఏడు. చెయ్యి మాత్రం మొహం మీద పెట్టుకోకు."

నాకు ఒళ్ళు మండింది. అద్దం అవతల పాప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "మీ అక్క మనసును కూడా సబ్బుతో కడిగేసుకుంది. సొంత మేనకోడల్ని ముట్టుకోదు, నన్నూ ముట్టుకోనివ్వదు," అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆ రోజుకు లోపలికి వెళ్ళడం కుదరనే లేదు.

మర్నాడు వదిన పక్కనే నిలబడి గోళ్ళ సందుల దాకా కడిగించింది. కుళాయి తనే కట్టేసింది, తలుపు తనే తోసింది. ఆపరేషన్‌కు వెళ్ళే డాక్టరులా చేతులు పైకెత్తుకుని లోపలికి వెళ్ళాను. పాపను ఒళ్ళోకి తీసుకుని బుగ్గలు నిమిరాను.

"చల్లగా ఉన్నాయమ్మా నీ చేతులు," అంది.

"బాగా కడుక్కొచ్చానమ్మా."

"తెలుసు. అత్తవీ ఇలాగే ఉంటాయి. రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి, నేను నిద్రపోయేదాకా జోకొడుతుంది. నీకు చెప్పొద్దంది."

"ఎందుకూ?"

"నువ్వు బయట ఉండి, తను లోపలుంటే నీకు బాధ కదా అంది."

అద్దంలోంచి చూశాను. వదిన ఎవరితోనో తగవు పెట్టుకుంటోంది, వాడు ఫోను చూసుకుంటూ మా తలుపుకు ఆనుకున్నాడని. ఆ చేతుల్ని దేనికీ తగలనివ్వకుండా ఎవరి కోసం దాచుకుందో నాకప్పటికి అర్థమైంది.

"ఇవాళ నేను జోకొట్టనా?" అన్నాను.

పాప నా చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొట్టు. కానీ అత్త నీకంటే బాగా కడుక్కుంటుంది," అంది.