అయిదో రాగి పలక

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ వస్తుంది. కొలవలేనిదాన్ని నమ్మను, కొలిచినా రెండోసారి కొలిస్తే గానీ నమ్మను. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

బెళుగుప్ప అవతల ఒక రేకుల షెడ్డులో పరిశోధన చేసేదాన్ని. కార్బన్ డయాక్సైడును నీళ్లలోకి పంపి, తగరం పూసిన రాగి పలకకు కరెంటు ఇస్తే ఫార్మిక్ ఆమ్లం తయారవుతుంది. తోళ్లు శుద్ధి చేసేవాళ్లకు, రంగుల అద్దకానికి పనికొస్తుంది. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వాయువు సరుకుగా మారుతుందన్నమాట.

చిక్కల్లా పలకతోనే. కొని తెచ్చినవి రెండో రోజుకే చతికిలబడేవి. పది రోజులు ఆగకుండా పనిచేసే పలక చూపించకపోతే షెడ్డు మూసేద్దామని మా గైడు తేల్చేశారు. నా మూడేళ్ల కష్టం గంగలో కలిసినట్టే. తోటి విద్యార్థి అప్పటికే వెళ్లిపోయాడు. రోజంతా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా గడిచిపోయేది. అంత ఒంటరితనం నేనెరగను.

అప్పుడు దొరికారు రాయదుర్గంలో ఖాదర్ సాబ్, రాగి పాత్రలకు కళాయి వేసే ముసలాయన. ఇళ్లలో అంతా స్టీలే అయ్యాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కొలిమి మీద పలకను కాల్చి, మసి వదిలించే నవాసాగరం పొడి చల్లి, కరిగిన తగరాన్ని దూదితో ఒక్క తుడుపు తుడిచేవారు. కళాయి వేసిన పాత్రను ఖాళీగా చేతికివ్వరు. అందులో గుప్పెడు జొన్నలు పోసి ఇస్తారు. నా పలకలో ఏం పోస్తారు? నాలుగు జొన్నగింజలు పెట్టి కాగితంతో కలిపి చుట్టేవారు.

"యాసిడ్ గీసిడ్ తగిలించొద్దు బిడ్డా. ఉత్త నీళ్లతో కడుగు, సాలు."

రసాయనశాస్త్రం నాకు ఈయన నేర్పేదేమిటి అనుకున్నాను. కొత్త పలకను పలచని ఆమ్లంలో ముంచి తీయడం మా ల్యాబు అలవాటు. అలాగే చేశాను. ఆయన కళాయి వేసిచ్చిన నాలుగు పలకలూ వరసగా చెడిపోయాయి. కళాయి కోసం అయిదో రాగి పలక తీసుకెళ్లి ఇస్తూ, మీ కళాయి నిలవడం లేదని మొహం మీదే అనేశాను.

"యాసిడ్ పోసినావా?" అన్నారు.

లేదన్నాను. ఎందుకు అబద్ధమాడానంటే, పొగరు, అంతే.

ఆయన తన చేతులు చూసుకున్నారు. "అట్లయితే తప్పు నాదే. కండ్లు ఆనడం లే. బేస్తారం రా, ఇది సరిగ్గా చేసిపెడ్తా."

గురువారం నేను వెళ్లలేదు. మొహం చెల్లలేదు. మధ్యాహ్నం ఊళ్లో అన్నం తిని రెండింటికి షెడ్డుకు తిరిగొచ్చాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. దానికి ఒక్కటే తాళంచెవి, అది నా మెడలో ఉంది. లోపల బల్ల మీద కాగితం పొట్లం. కళాయి వేసిన పలక, నాలుగు జొన్నగింజలు. మూల మీద నేను మేకుతో గీసిన అయిదు అంకె.

పలక పట్టుకోలేనంత వేడిగా ఉంది. ఎండకు షెడ్డులో అన్నీ కాలుతాయి, నిజమే. పక్కనే ఉన్న ఇనుప పట్టకారు ముట్టుకుని చూశాను. అంత వేడి లేదు.

ఎవరిచేతనో పంపించి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు నిజం ఒప్పుకుందామని బస్సెక్కాను.

కొట్టు మూసి ఉంది. ఇంటి దగ్గర ఆయన భార్య కనిపించింది. "మంగళారం పోయినాడమ్మా. అంతకు ముందు మూడు దినాలు కొలిమి ముట్టనే లే. ఇది నీదంట. మాట తప్పినానని చెప్పమన్నాడు."

ఆమె చేతిలో ఎర్రటి రాగి పలక, కళాయి లేనిది. మూల మీద అయిదు. మేకు జారి అంకె తోక వంకరపోయింది కూడా అచ్చం నా గీతే.

యాసిడ్ పోసింది నేనేనని ఆమెతో చెప్పి ఏడ్చాను.

"ఆయప్పకు చెప్పాల్సింది బిడ్డా," అంది.

కళాయి పలకను ఉత్త నీళ్లతోనే కడిగి పెట్టాను. పది రోజులు కాదు, పదిహేడు రోజులు నడిచింది. షెడ్డు నిలబడింది. పలక ఎందుకు నిలిచిందో చెప్పగలను: తగరం మీది సన్నని పొరే అసలు పని చేసేది, దాన్ని నా ఆమ్లం తినేస్తూ వచ్చింది. నివేదికలో పాత పలకల దగ్గర "కళాయి లోపం" అని రాసింది కొట్టేసి, "నా తప్పు" అని రాశాను.

అయిదు అంకె ఉన్న పలకలు రెండూ నా సొరుగులోనే ఉన్నాయి. ఎవరికైనా చూపిస్తాను. నివేదికలో పలక చేసినవారి గడిలో ఖాదర్ సాబ్ పేరు రాశాను. పక్క గడిలో అది చేసిన తేదీ రాయాలి. ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.