పెద్దమ్మ విడవని నవల

మా పెద్దమ్మ పోయింది. పదో రోజున ఆమె ఫోటో ముందు నుంచి ఆమె పుస్తకాన్ని తీసేసినవాడు మా నాన్న. ఈ రెండూ కలిపే చెప్పాలి. మొదటిది గుండె ఆగి జరిగింది. రెండోది మనిషి చేసిన తప్పు.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. చిక్కడపల్లిలో మా ఇంటి కింది వాటాలో ఉండేది. నారాయణగూడలో ఒక బడిలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైంది. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పదో రోజు ఫోటో ముందు పెట్టడం మా ఇళ్లలో రివాజు. ఆమెకంటే ముందే పోయిన పెద్దనాన్నకు సిగరెట్ పెట్టె పెట్టారు, మందు సీసా కూడా పెట్టారు. ఎవరికీ సిగ్గనిపించలేదు. పెద్దమ్మకు మిర్చి బజ్జీలు, చాయ్ పెట్టి, పక్కనే నేను ఆమె మళ్లీ మళ్లీ చదివిన నవల పెట్టాను. నాన్న దాన్ని తీసి, ఆమె ఏనాడూ తెరవని భక్తి పుస్తకం పెట్టాడు.

"నలుగురు వస్తరు. వదిన ఇజ్జత్ పోతది" అన్నాడు.

"ఎవరి ఇజ్జత్, డాడీ?" అన్నాను. ఆయన నవలను చిత్తుకాగితాల్లో పడేశాడు.

అది కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న నవల. ఊరవతల బంగ్లాలో ఒకడు మనుషులను బంధించి, ప్రాణం ఉండగానే ముక్కలు కోసే కథ. పేజీ పేజీకీ రక్తం. అట్ట ఊడిపోతే తనే సూదీ దారంతో కుట్టుకుంది. మధ్యాహ్నం కుట్టుమిషను పక్కన కూర్చుని చదివేది. చివరి పేజీ అయ్యాక కొన్నాళ్లు ఊరుకుని, మళ్లీ మొదటి పేజీ తిప్పేది.

సంఘం కరపత్రాలు సంచిలో వేసుకుని తిరిగే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు అడిగేశాను.

"ఏంది పెద్దమ్మా, ఈ చెత్త? క్షీణ సంస్కృతి ఇది. మనుషులను పాడుచేస్తది."

"నీ కరపత్రాలల్ల రక్తం ఏరులై పారుతది గదరా! దాంట్ల ఒక్క మనిషికన్న పేరున్నదా? జర ఆ బజ్జీ ఇటియ్యి."

"కథ మొత్తం ఎరుకే గదా. మళ్లెందుకు?"

"మొదటిసారి వాడేం చేస్తడో అని వాని ఎంబడి ఉరికిన. రెండోసారికి వాని సంగతి ఎరుకే. ఇగ ఆ పిల్లను చూసెతందుకు తీరిక దొరికింది." కథలో మొట్టమొదట చనిపోయే అమ్మాయి గురించి ఆమె చెబుతున్నది. "ఎవ్వలన్న ఆమె పక్కన కూసోవాలె గదరా."

ఇంకోసారి, నేను అడగకుండానే అంది: "ఈ పుస్తకం నేను మూస్తె మూసుకుంటది. ఆగుమంటె ఆగుతది."

ఆమె ఆగమన్నా ఆగనిదేమిటో నాకు తెలుసు. చిన్నప్పుడు కింది వాటాలో పెద్దనాన్న బెల్టు చప్పుడు మొదలవగానే, పైన మా నాన్న కిటికీ మూసి టీవీ సౌండు పెంచేవాడు. పొద్దున పెద్దమ్మ నిండు చేతుల జాకెట్టు తొడుక్కుని బడికి వెళ్లేది. నా సంచిలోని కరపత్రాలన్నిటా హింస అనే మాట ఉంది. మా కింది వాటా హింస ఒక్కదాంట్లోనూ లేదు.

నాన్న చిత్తుకాగితాల్లో పడేసిన ఆ నవలను తెచ్చుకుని చదివాను. గొప్ప పుస్తకమని చెప్పలేను. కొన్నిచోట్ల పుస్తకం మూసేసి, మళ్లీ తెరిచాను. రాసినవాడికి ఆ కోతలంటే సరదా ఏమోనని అనుమానం కూడా వచ్చింది. అయినా అందులో దెబ్బ తగిలితే తగిలిందని రాసి ఉంది, ఎంత లోతు తగిలిందో కూడా. మా ఇంట్లో ఆ మాత్రం కూడా ఎవరూ చెప్పలేదు. ఆమెకు అదే ఆసరా అయిందా, లేక పాత గాయాన్ని రోజూ గోకిందా? నాకు తెలియడం లేదు. ఆమె ఉండగా అడగాల్సిన ప్రశ్న ఇది.

ఈ ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో బంధువుల సంస్మరణ సభ. ఆమె ఓర్పుకు మారుపేరని కార్డు మీద అచ్చు వేయించారు. ఓర్చుకున్నది దేన్నో మాత్రం వేయించలేదు. ఆ సభలో ఆమె రెండోసారి పోతుంది.

అందుకే పిలుస్తున్నాను. ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్లు, ఆమెతో జాకెట్లు కుట్టించుకున్న అశోక్‌నగర్ హాస్టల్ అక్కలు, గోడ అవతల నుంచి ఆ చప్పుడు విన్న వాడకట్టువాళ్లు, అందరూ రండి. నాన్నను కూడా పిలిచాను. వస్తాననలేదు, రాననలేదు. అదే ఆదివారం, సాయంత్రం ఐదింటికి, మా ఇంటి కింది వాటాలో. ఆ అమ్మాయి చనిపోయే పేజీలు పైకి చదువుతాను. మధ్యలో నేను ఆగిపోతే, పక్కనున్నవాళ్లు పుస్తకం అందుకోండి.