నీలం టిక్కుల హాజరు

తరగతి గోడకు బిగించిన పెద్ద టీవీ తెరను పొద్దున్నే ఆన్ చేయగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు ఎస్తేరు టీచర్ గుర్తొస్తారు. బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్లో నేను లెక్కల మాస్టారుగా చేరేనాటికే ఆమె అక్కడ తెలుగు చెబుతున్నారు. హాజరు వేసేటప్పుడు పేరు పిలిచి, తలెత్తి, ఆ పిల్ల ముఖం చూశాకే గీత పెట్టేవారు. పావుగంట పట్టేది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

కరోనాకు బడి మూతపడినప్పుడు తొమ్మిదో తరగతి పాఠాలను నా గొంతుతో రికార్డు చేసి, ఒక్కొక్కరి ఫోనుకూ వాట్సాప్‌లో పంపాను. పంపినదాని కింద టిక్కులు నీలంగా మారితే విన్నట్టు, అంటే హాజరు. మల్లీశ్వరివి ఒక్కరోజూ తప్పకుండా మారేవి. వేటకు వెళ్లే ఆమె తండ్రి పోలయ్య రేవులో కనబడితే, "మీ అమ్మాయి ఒక్క పాఠం వదలడం లేదు, దిగులు పెట్టుకోబాక" అన్నాను. ఆయన ముఖం విప్పారింది.

రెండు నెలలకు ఎస్తేరు టీచర్ ఫోన్ చేశారు.

"మల్లీశ్వరి రొయ్యల షెడ్డులో తలకాయలు తీస్తా కనబడింది సార్. పాఠాలు వింటన్నావా అంటే నేల చూస్తాది. నీ రిజిస్టర్లో ఏముంది?"

"రోజూ హాజరే మేడం. అన్నీ విన్నది."

"విన్నది ఎవురు?"

"టిక్కులు పడినాయి మేడం."

"టిక్కుకు మొహం ఉండదు నాయనా. పొయ్యి కనుక్కో."

వెళ్లాను. పోలయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు.

"ఫోను నాతోనే వేటకొస్తాది సార్. సిగ్నలు తగిలినప్పుడల్లా నీ పాఠం పెడతా. పడవలో నలుగురం వింటాం. బొమ్మా బొరుసూ లెక్క బలే జెప్పినావు. మా మామ గూడా సగానికి సగమే అని చెప్పేసినాడు."

"మాకు గూడా హాజరేస్తావా సార్?" అన్నాడు పక్కనున్న ఆ మామ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మరి మల్లీశ్వరి?"

"పాపకేం సార్, హాజరు పడతాందని నువ్వే చెప్పినావు గదా. ఆ ధైర్యంతోనే షెడ్డుకు పంపినాం."

తప్పు నాదని అక్కడే చెప్పాల్సింది. ఫోన్ల సంగతి సరిగా లేదని ఏదో గొణిగి వచ్చేశాను. చివరికి ఎస్తేరు టీచరే వెళ్లి, నా పేరు ఎత్తకుండా, "పొరపాటు బడిది" అని చెప్పి ఆ పిల్లను షెడ్డు మాన్పించారు. బడి తెరిచాక రోజూ సాయంత్రం తన దగ్గర కూర్చోబెట్టుకుని చదివించి, లెక్కలకు మాత్రం నా దగ్గరికి పంపారు. మొదటి రోజు బొమ్మా బొరుసూ లెక్క ఇస్తే మల్లీశ్వరి చాలాసేపు చూసి, "నాకు తెలీదు సార్. మా నాయనకు తెలుసు" అంది.

ఆమె పది గట్టెక్కింది, లెక్కల్లో బొటాబొటిగా. ఎస్తేరు టీచర్ ఇప్పుడు లేరు. ఇలా ఫోన్లలో, తెరల మీద చెప్పే పాఠాలు మంచివా, చెడ్డవా అని కొత్త టీచర్లు అడుగుతుంటారు. పడవలో నలుగురికి లెక్క వచ్చిన మాట నిజం. వినాల్సిన పిల్లకు రాని మాటా నిజం. ఆ రెంటినీ ఎలా కలపాలో ఈ లెక్కల మాస్టారుకు తెలియదు. రేవులో కనబడితే పోలయ్య ఇప్పటికీ తోటివాళ్లకు నన్ను చూపించి, "మాకు పాఠం చెప్పిన సార్" అంటాడు. ఆ పొరపాటు బడిది కాదు, నాదేనని చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. చెయ్యెత్తి పలకరించి వచ్చేస్తాను.