అమ్మ చెప్పిన సాక్ష్యం

జ్వరం వచ్చి తగ్గిపోయింది. ఒంట్లో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. తల దువ్వుకుంటే చేతులు లాగేసేవి. ఒక పూట లేచి తిరిగితే ఆ తర్వాత కొన్నాళ్లు మంచమే. రాయగడలో చూపించుకున్న డాక్టర్లందరూ పరీక్షల్లో ఏమీ లేదన్నారు. జేకేపూర్ కాలనీలో మా పక్కింటావిడైతే, "ఏటమ్మీ, ఆ పుస్తకాలు మొయ్యనేక పడిపోనావేటి?" అని నవ్వేది.

దీన్ని క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారని ఫోన్లో ఒక రోగుల బృందం వల్ల తెలిసింది. ఇది బద్ధకం కాదు, దిగులూ కాదు, శరీరంలో ఏం చెడిందో పరిశోధించండని వాళ్లు డాక్టర్లను అడుగుతూ ఉండేవారు. నేను అందులో ఏమీ రాసేదాన్ని కాదు, వాళ్లు రాసింది చదివేదాన్ని. వాళ్లు అడగ్గా అడగ్గా ఒక పరిశోధక డాక్టరు విశాఖపట్నం నుంచి కోరాపుట్ వచ్చి రోగుల మాట వింటానన్నాడు. ఇంకా జబ్బుతో ఉన్నవాళ్ల రక్తం పరిశోధనకు తీసుకుంటారట. నా రక్తంలోనైనా ఏదో ఒకటి కనబడితే బాగుండునని ఎంత ఆశపడ్డానో.

బయల్దేరే రోజు అమ్మ ఇస్త్రీ చుడీదార్ వేయించి, మొహానికి పౌడరు రాసింది. ఉన్నట్టే వెళ్దామమ్మా అన్నాను.

"పెద్ద డాక్టరు కాడికి మాసిన బట్టల్తో ఎల్తామేటి? పెంపకం నేదనుకుంటారు."

రైలు సొరంగాలన్నీ దాటి కోరాపుట్ చేరేసరికే నాకు మాట పెగలడం లేదు. హాల్లో కుర్చీకి తల వాల్చి కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడు అమ్మే లేచింది. మా చర్చి స్త్రీల సమాజంలో అమ్మ సాక్ష్యం చెబితే అందరూ కళ్లు తుడుచుకుంటారు. సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు శ్రమ, అంటే పడ్డ కష్టం, తర్వాత ప్రార్థన, చివర కృతజ్ఞత. కృతజ్ఞత చెప్పకుండా కూర్చుంటే దేవుడి మీద ఫిర్యాదు చేసినట్టే.

అమ్మ అన్నీ చెప్పింది. చేతిలో గ్లాసు జారిపోవడం, కాలేజీ మానడం, వెలుతురు పడక కిటికీకి దుప్పటి కట్టుకోవడం. డాక్టరు రాసుకుంటూనే ఉన్నాడు. నా జబ్బును అంత సరిగ్గా ఎవరూ చెప్పగా నేను వినలేదు. అప్పుడు అమ్మ చేతులు జోడించింది.

"ఇన్ని శ్రమల్లోనూ దేవుడు మా సెయ్యి ఇడవనేదు బాబూ. ఆయన కృప వల్ల ఇప్పుడు నా పిల్ల బాగుంది. ఆయనకే స్తోత్రం."

డాక్టరు నా వైపు చూశాడు. పౌడరూ, ఇస్త్రీ బట్టలూ. "చాలా సంతోషమమ్మా. ఇలా కోలుకున్నవాళ్లు తక్కువ," అన్నాడు. ఆయన నిజంగానే సంతోషించాడు. నేను కాదన్నట్టు తల ఆడించేలోపే ఆయన పక్కవాళ్ల వైపు తిరిగిపోయాడు.

ఇంటికొచ్చి పడిపోయాను. నా వేళ్లు ఫోను పట్టుకుని, నేను కోలుకోలేదని బృందానికి రాయగలిగేటప్పటికి ఆ విడతకు రక్తం ఇచ్చేవాళ్ల ఎంపిక ముగిసిపోయింది. ఆ డాక్టరు చూడాల్సింది కోరాపుట్‌లో రైలు దిగిన నన్ను కాదు, ఇంటికొచ్చి పడిపోయిన నన్ను.

గంజి పట్టిస్తూ అమ్మ అడిగింది. "మన రగతం ఎప్పుడు తీసుకుంటారట?"

"ఈసారికి వేరేవాళ్లది తీసుకున్నారటమ్మా."

"మన కష్టం సరిగ్గా సెప్పనేదేటి నాను?"

"బాగా చెప్పావు."

"మరేటో," అంటూ చెంచా నోటి దగ్గరకు తెచ్చింది. నేను నోరు తెరిచాను.