నడిమిది నిలుపు

మా చిన్నప్పుడు... చంద్రగిరి నుంచి పాకాల పోయే దారిలో, కాస్త మెరక మీద ఉండేది మా ఇల్లు. తెల్లవారి కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతుండగానే నాయన కేక వినబడేది...

"పాపల్లారా, బండికి మొగం కడగండి!"

బండి అంటే పాత అంబాసిడర్. పాలమీగడ రంగు. మా ఇంటికి వచ్చేనాటికే దానికి వయసైపోయింది. బ్యాటరీ బలహీనం... చేతి బ్రేకు పేరుకు మాత్రమే. అందుకని నాయన రోజూ దాన్ని వాకిట్లో పల్లానికి, రోడ్డు వైపు తిప్పి నిలిపేవాడు. ముందు టైర్లకు అడ్డంగా రెండు రాళ్ళు. పొద్దున ఆయన కూర్చుని బ్రేకు తొక్కి "రాయి!" అనగానే నేను రాళ్ళు లాగేదాన్ని. బండి మెల్లగా జారేది... గేరు వేసి క్లచ్ వదిలితే రెండు దగ్గులు దగ్గి లేచేది.

ఆ బండి ఎక్కాలంటే ముందు దానికి పని చేయాలి. అది నాయన పెట్టిన పద్ధతి. రేడియేటరులో నీళ్ళు పోయడం, ఆయిలు పుల్ల తీసి గుర్తు చూడటం నా వంతు. మా చెల్లెలు భారతికి ఎనిమిదేళ్ళు. లోపల కూర్చుని పాత పంచె గుడ్డతో స్టీరింగు తుడిచేది. తుడుస్తూ, కింద ఉన్న మూడు పెడళ్ళ పాఠం గట్టిగా చెప్పాలి.

"ఎడమది విడుపు... నడిమిది నిలుపు... కుడిది పరుగు!"

ఎక్కాలు తప్పినా నాయన ఊరుకునేవాడు. ఇది తప్పితే మాత్రం ఆ రోజు బండి ఎక్కనిచ్చేవాడు కాదు.

నాకప్పుడు పదమూడు. ఆ పాఠం కంటే దేవుడి గూడు, పూజల మీదే నా ధ్యాస.

ఆ రోజు మంగళవారం. బండి పది రోజులు రిపేరు షెడ్డులో పడి ఉండి, ముందురోజే ఇంటికి వచ్చింది. నాయన లోపల చొక్కా తొడుక్కుంటున్నాడు. నేను బానెట్టుకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. కర్పూరం వెలిగించాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది... కొత్త బండికి చేసినట్టు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలనిపించింది.

కానీ అక్కడ రాళ్ళున్నాయి కదా... ఎడమ రాయి తీసి నిమ్మకాయ పెట్టాను. ఏమీ కాలేదు. కుడి రాయి కూడా తీసి రెండో నిమ్మకాయ పెట్టాను.

నిమ్మకాయలు చితికిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బండి కదిలింది. బండిలో స్టీరింగు తుడుస్తూ భారతి ఒక్కతే. ఎదురుగా రోడ్డు... దాని మీద చెరుకు లారీ వస్తోంది. నేను బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి తోశాను. అదెక్కడ ఆగుతుంది... నన్నే పక్కకు నెట్టేసింది. అమ్మ వాకిట్లో నిలబడిపోయి "ఓ దేవుడా, ఓ దేవుడా" అని అరుస్తోంది.

అద్దంలోంచి కనబడుతున్న భారతి తల ఉన్నట్టుండి మాయమైంది. పడిపోయిందనుకున్నాను.

బండి ఆగింది. రోడ్డుకు నాలుగడుగుల ఇవతల... లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

తలుపు లాగి చూస్తే చెల్లెలు కింద ముడుచుకుని ఉంది. కాళ్ళు అందవు కదా... సీటు మీదనుంచి జారి, రెండు చేతులతో పెడల్ నొక్కి పట్టింది.

"అక్కా, నడిమిదే గదా? చెయ్యి తీసేద్దునా?"

"తీయద్దు మే! నాయన రానీ!"

నాయన పరిగెత్తుకొచ్చి టైర్లకు రాళ్ళు పెట్టాడు. చెల్లెల్ని ఎత్తుకుని గుండెకు అదుముకున్నాడు. తర్వాత చితికిన నిమ్మకాయల వైపు, నా వైపు చూశాడు.

"నిమ్మకాయలకు ఆగే బండా పెద్దపాపా ఇది?"

అంతే. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికపడేదాన్నేమో.

అమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది. "ఈ బండిని యాడన్నా అమ్మేసి రా. ఇంగ నా బిడ్డలు దీని దగ్గరికి పోయేదే లేదు." ఆ పగలంతా భారతి మాత్రం ఆ పంచె గుడ్డ వదలకుండా తిరిగింది.

ఇన్నేళ్ళకు ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న భారతి కూతురు కొత్త కారు కొనుక్కుని తిరుపతి నుంచి నాకు చూపించడానికి వచ్చింది. "పెద్దమ్మా, దీనికి పెడళ్ళు రెండే ఉండాయి. నడిమిది యాడ వెతికేది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. క్లచ్ లేదు, రాయి లేదు, దగ్గు లేదు... బటన్ నొక్కితే చప్పుడు లేకుండా పోతోంది. మంచిదే. కానీ ముందు బండికి నీళ్ళు పోసి, తుడిచి, దాని ఒళ్ళు తెలుసుకుని తర్వాత స్టీరింగు పట్టుకున్న ఆ రోజులు... పోయాయి. మీకు బండి మీద మొదట ప్రేమ కలిగించింది ఎవరు? వీలుంటే కింద రాయండి, చదువుతాను.

అన్నట్టు, ఆ సాయంత్రం ఏం తేలిందో చెప్పలేదు కదా...

దీపం పెట్టి వచ్చి అమ్మే మొదలుపెట్టింది. "బండి ఉండనీలే. అమ్మొద్దు. పొద్దున ఆ బిడ్డ పని చేసింది, నేను అరుస్తా నిలబడినాను. రేపింకోటి జరిగినా అరుస్తానే నిలబడాల్నా? నాకూ నేర్పించు."

నాయన నవ్వాడు. "నీకా? కాలు అందతాదా?"

"ఎనిమిదేళ్ళ బిడ్డకు చేతులు అందినాయి. నాకు కాలు అందదా?"

నాయన నవ్వు ఆగిపోయింది. అమ్మను కాసేపు కొత్తగా చూశాడు.

అప్పుడు తేలింది. ఆదివారం నుంచి శెనక్కాయల కళ్ళంలో నేర్పడం. ముందు అమ్మ, తర్వాత నేను. పద్దెనిమిది నిండేదాకా కళ్ళం దాటి రోడ్డెక్కేది లేదు. నిమ్మకాయలు నాయన బ్రేకు మీద కాలు పెట్టాకే. భారతి కాళ్ళు అందేదాకా పక్కన కూర్చుని మాకు పాఠం అప్పజెప్పించుకోవాలి... తప్పితే, అమ్మయినా సరే, ఆ రోజు బండి ఎక్కేది లేదు.